పెద్దగుండు కింద పరుపు

మా టౌనులో కల్యాణ మండపం వెనక ఉన్న రాతి గుండ్ల గురించి ఇప్పుడు ఫోనులో ఒక పేజీ ఉంది. బెంగళూరు పిల్లలెవరో పెట్టారు. ఏ గుండు ఎంత కష్టం, ఎటువైపు నుంచి మొదలుపెట్టాలి, దాన్ని మొట్టమొదట ఎవరెక్కారు, అన్నీ అందులో ఉంటాయి. ఫోటోలు కూడా బాగా తీశారు. మండపంవాళ్ళు పారేసే విస్తరాకుల కుప్ప ఎక్కడా కనపడకుండా తీశారంటే వాళ్ళను మెచ్చుకోవాల్సిందే. పెద్దగుండు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడ రాసింది అబద్ధమా అంటే కాదు. అక్షరం అక్షరం నిజమే. అందుకే ఇంకా ఎక్కువ మండుతుంది.

ఆ పేజీ రాసినవాళ్ళకు తెలియని సాయంత్రం ఒకటుంది. ఆ సాయంత్రం పెద్దగుండు మీద మా చెల్లెలు ఉంది, కింద నేనూ పరుపులన్నా ఉన్నాం. దాని గురించి చెప్పాలంటే ముందు గుండ్ల సంగతి చెప్పాలి.

చిలమత్తూరు వైపు పోయే రోడ్డులో టౌను అయిపోయే చోట ఉండేవి ఆ గుండ్లు. ఇప్పుడు టౌనే వాటిని దాటి పోయింది. చుట్టూ ప్లాట్లు, ఒకవైపు మండపం గోడ, ఇంకోవైపు సెల్‌ టవరు. నా చిన్నప్పుడు వాటి నీడలో పేకాట ఆడేవాళ్ళు. పరీక్ష తప్పిన పిల్లలు రిజల్ట్సు రోజు అక్కడే దొరికేవాళ్ళు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఒక పార్టీవాళ్ళు గుర్తు వేస్తే ఇంకో పార్టీవాళ్ళు దానిమీద సున్నం కొట్టి తమ గుర్తు వేసేవాళ్ళు. ఎక్కడం అంటే మేకలు ఎక్కేవి, వాటి వెనక మేకలు కాసేవాళ్ళు ఎక్కేవాళ్ళు. దానికొక పేరు, పద్ధతి ఉంటుందని ఎవరికీ తెలియదు.

మొదలుపెట్టింది పరుపులన్న. ఆయనది దూదేకుల కుటుంబం. తాతల కాలంలో ఇల్లిల్లూ తిరిగి దూది ఏకినవాళ్ళు. ఇప్పుడు బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఏకే మిషను పెట్టుకొని పరుపులు, దిండ్లు కుడతాడు. టౌనులో పెళ్ళి అంటే పరుపు ఆయన చేతిమీదుగా పోవాల్సిందే. ఒకసారి బెంగళూరులో ఏదో జిమ్ములో పరుపులకు కవర్లు కుట్టే పని ఉందంటే పోయాడు. అది గోడలెక్కే జిమ్ము. రంగురంగుల బుడిపెలు పట్టుకొని ఆడపిల్లలు, మగపిల్లలు గోడ ఎక్కుతున్నారు, చెయ్యి జారితే పరుపుల మీద పడి నవ్వుకుంటూ లేస్తున్నారు. కవర్లు కుడుతూ ఆయన చూసింది అదంతా. తిరిగొచ్చి మూడో నాడు పాత పరుపులు మోపెడ్‌ మీద కట్టుకొని గుండ్ల దగ్గరికి పోయాడు.

"గోడ కట్టి దానికి రాళ్ళు అతికించి ఎక్కుతాండారు పాపా, దానికి దుడ్లు కూడా కడ్తాండారు," అని నాకు చెప్పి చెప్పి నవ్వాడు. "మనకు దేవుడు ఊరికే ఇచ్చినాడు గదా, ఈడ."

మా చెల్లెలు అప్పటికి కానిస్టేబులు ఉద్యోగం కోసం తెల్లవారుజామున కాలేజీ గ్రౌండులో పరుగు పెట్టేది. పరుగయ్యాక గుండ్ల దగ్గర కాళ్ళు సాగదీసుకొనేది. అక్కడ ఒక నడివయసు మనిషి పరుపులు పరిచి బండకు బల్లిలా అంటుకొని ఉండటం చూసి, ఏం చేస్తున్నావన్నా అని అడిగింది. అంతే. మర్నాటి నుంచి ఆమె కూడా ఎక్కింది. సంగతి నాయనకు తెలిసి, ఆపలేక, ఒంటరిగా పోవద్దని నన్ను తోడు పంపించాడు. నేను ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను, పెళ్ళయి రెండు వీధుల అవతలే ఉంటాను. కాపలాకని పోయినదాన్ని నెల తిరక్కుండా నేనూ చెప్పులు విడిచాను. పిల్లల తల్లులు బడి గేటు దగ్గర నన్ను చూసి మూతి తిప్పుకొనేవాళ్ళు. తిప్పుకోనీ అనుకున్నాను.

చేతులకు చెమట పట్టకుండా పూసుకొనే పొడి మాకు మొదట్లో తెలియదు. ముగ్గుపిండి పూసుకొని చూస్తే జారింది. బియ్యప్పిండి పూసుకుంటే చీమలు పట్టాయి. తర్వాత బెంగళూరు నుంచి అసలు పొడి తెప్పించుకున్నాం. గుండ్ల మీద తెల్లటి చేతిముద్రలు చూసి, ఎవరో చేతబడి చేస్తున్నారని ప్లాట్లవాళ్ళు ఒక అమావాస్యకు నిమ్మకాయలు కూడా కోశారు. మేం ఆ నిమ్మకాయలు దాటుకొని పోయి ఎక్కాం.

రాను రాను అలవాట్లు కుదిరాయి. కొత్త దోవలో మొదట ఎక్కినవాళ్ళు దానికి పేరు పెట్టాలి. ఒక దోవ పేరు సంగటిముద్ద, ఇంకోటి కరెంటు పోయింది. నేను పెట్టింది ఒకటే ఉంది, ఆడబిడ్డ మొగం. మా ఆడబిడ్డకు ఇప్పటికీ తెలియదు.

పేర్ల సంగతి సరదా. సరదా కానిది ఒకటుంది. బండకు అంటుకొని ఉన్న మనిషికి కింద ఏముందో కనపడదు. తల తిప్పితే చెయ్యి జారుతుంది. అందుకని కష్టమైన చోటికి రాగానే ఎక్కేవాళ్ళు "కిందా?" అని కేక వెయ్యాలి. పరుపు సరిగ్గా తమ కింద ఉంటే కిందివాళ్ళు "ఉండాం!" అనాలి. లేకపోతే "లేం!" అనాలి. ఈ మాట పరుపులన్న పెట్టింది. దీంట్లో వేళాకోళం లేదు, మొహమాటం లేదు. ఒకసారి డిగ్రీ కుర్రాడు ఒకడు ఫోను చూసుకుంటూ అలవాటుగా "ఉండాం" అన్నాడు. పరుపేమో పక్కన ఉంది. పైనవాడు అంచుమీద పడి తొడ గీరుకుపోయింది, అంతటితో పోయింది. పరుపులన్న పరుపులన్నీ చుట్టి మోపెడ్‌కు కట్టుకొని వెళ్ళిపోయాడు. ఆ కుర్రాడు షెడ్డుకు పోయి బతిమాలేదాకా మళ్ళీ రాలేదు.

ఆ పరుపులు చూస్తే ఎవరికీ పడుకోబుద్ధి కాదు. పాతవి ఇచ్చి కొత్తవి తీసుకొన్న ఇళ్ళ నుంచి వచ్చినవి. ఏళ్ళ తరబడి మనుషులు పడుకొని పడుకొని దూది అట్టకట్టి, చెక్కలా గట్టిపడినవి. మరకలు, మాసికలు. ఎంత ఎత్తునుంచి దూకినా మడమకు కొంచెం అదురు తెలిసేది, అంతే.

ఇక పెద్దగుండు. అది రెండంతస్తుల ఇంటి ఎత్తు ఉంటుంది. కింద చేతులు పట్టే నెర్రె ఉంది, నడుమ ఒక పెచ్చు లేచి ఉంది, దాని పైన నున్నటి బొజ్జ. బొజ్జ మీద గోరు ఆనేంత అంచు ఒకటి, తర్వాత తల. ఆ బొజ్జ దాటినవాళ్ళు లేరు. పరుపులన్న పెచ్చు దగ్గరే ఆగిపోయేవాడు. నేను నెర్రె దాటలేదు. మా చెల్లెలు ఒక్కతే బొజ్జ కింది దాకా పోయి, చేతులు అలిసిపోతే పెచ్చు మీదికి దిగి, అక్కడి నుంచి హాయిగా పరుపుల మీదికి దూకేసేది. దూకడమంటే ఆమెకు భయం లేదు. బస్సు దిగినట్టు దూకేది.

ఆ ఏడాది ఆమె మొదటి రాతపరీక్ష గట్టెక్కింది. అంతకుముందుసారి తప్పింది. ఇంక ముందున్నది పరుగు, లాంగ్‌జంపు. అవి దగ్గర్లోనే ఉన్నాయి. ఆమెకు వయసు దాటిపోతోంది, మళ్ళీ ఎప్పుడు ఉద్యోగాలు వేస్తారో, అప్పటికి ఆమెకు అవకాశం ఉంటుందో లేదో. వానల్లేక మా చేను వరసగా ఎండిపోతోంది, నాయన ఆ సంగతి ఎత్తడం కూడా మానేశాడు. ఆమె కాళ్ళ మీదే ఇంట్లో అందరి కళ్ళూ. అమ్మ ఆమెను కడవ ఎత్తనిచ్చేది కాదు. నాయన మోపెడ్‌ మీద గ్రౌండు దాకా దింపి వచ్చేవాడు.

"పరుగయ్యేదాకా ఆ గుండ్ల కాడికి పోవద్దు తల్లీ," అన్నాడు నాయన ఒక రాత్రి అన్నం తింటూ. గట్టిగా అనలేదు. ఆయన అడుక్కున్నట్టుగా అనడం నాకు నచ్చలేదు.

"పోను నాయనా," అంది మా చెల్లెలు.

అదే వారంలో బెంగళూరు నుంచి నలుగురైదుగురు పిల్లలు వచ్చి గుండ్లు చూసిపోయారు. మర్యాదస్తులే. అందరినీ పేరుపేరునా అడిగి, మేమెక్కిన దోవలు ఎక్కి, ముచ్చట పడ్డారు. పెద్దగుండు ముందు మాత్రం చాలాసేపు నిలబడ్డారు. ఇది ఇంకా ఎవరూ ఎక్కలేదా అని అడిగారు. లేదన్నాడు పరుపులన్న. ఆదివారం పెద్ద పరుపులు తీసుకొని వస్తామని చెప్పి వెళ్ళారు. ఈ సంగతి మా చెల్లెలికి చెప్పింది నేనే. చెప్పకుండా ఉండాల్సిందా? చెప్పకపోతే ఇంకొకరు చెప్పేవాళ్ళు. ఆమె విని బూట్ల లేసులు విప్పి మళ్ళీ కట్టుకుంది.

శనివారం బడి మధ్యాహ్నంతో అయిపోయింది. ఫోను వచ్చింది.

"అక్కా, గుండ్ల కాడికి రా. పరుపులన్నను కూడా రమ్మన్యాను."

"నీకేమన్నా తిక్క పట్టిందా? నాయనకు చెప్పినావా?"

"దిగినంక చెప్తా."

"కాలు విరిగితే ఎవరు పరిగెత్తేది? నేనా?"

"రేపు వాళ్ళొచ్చి ఎక్కేస్తారక్కా. ఇన్ని దినాలు దాన్ని పట్టుకొని ఏలాడింది నేను. ఒక్కసారి. నువ్వు రాకున్నా నేను పోతా."

పోతుందని తెలుసు. అందుకే పోయాను. దారి పొడుగునా తిట్టుకుంటూనే పోయాను.

పరుపులన్న అప్పటికే వచ్చి ఉన్నాడు. పరుపులు చూసి నేను గుర్తుపట్టలేదు. నీలం చారల కొత్త గుడ్డ. పూరీల్లా పొంగి ఉన్నాయి. ఎండలో మెరుస్తున్నాయి.

"ఇవెక్కడివన్నా?"

"మనవే పాపా. అన్నీ ఇప్పి, దూదంతా మళ్ళీ ఏకించినా. రేపు బెంగుళూరోళ్ళు వస్తాండారు గదా. మరకల పరుపులు ఆళ్ళ ముందర ఎట్ల పరిచేది? పరుపులోడి ఇంట్లో పరుపులు ఇట్ల ఉండాయా అనుకోరూ?" అని ఒకదాన్ని అరచేత్తో తట్టాడు. "టాకాలు ఈ రాత్రికి ఏస్తా. ఈ లోపల చిన్నపాప ఎక్కుతానన్యది. ఏం కాదు, పడినా తెలీనంత మెత్తగుండాది."

టాకాలంటే పరుపులో దూది అటూ ఇటూ జరగకుండా నడుమ నడుమ వేసే కుట్లు. ఆయన ఆ మాట అన్నప్పుడు నాకేమీ తోచలేదు. ఆయనకూ తోచలేదు. పరుపులు కుట్టేవాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషికి మెత్తదనాన్ని మించిన మంచి గుణం పరుపుకు ఉండదు. చెల్లెలు కూడా పరుపును చూసి నవ్వి, పెళ్ళికూతురి పరుపు అంది. చేతులకు పొడి పూసుకుంది. అరికాళ్ళు ప్యాంటుకు తుడుచుకుంది. ఎక్కడం మొదలుపెట్టింది.

ఆమె ఎక్కడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. తొందరపడదు. నెర్రెలో చేతులు ఒకదాని పైన ఒకటి పెట్టుకుంటూ, కాలు ఆనించే ముందు దాన్ని ఒకసారి చూసి, ఆనించాక మళ్ళీ చూడకుండా పోతుంది. పెచ్చు దగ్గరికి చేరి ఊపిరి తీసుకుంది. అక్కడి నుంచి ఎడమవైపు జరగాలి, బొజ్జ ఆ పక్కన, కొంచెం పైన ఉంది. ఆమెతో పాటు పరుపును కూడా జరపాలి. నేను ఒక కొస పట్టుకొని లాగబోయి, చాలక, పరుపు మీద కాలు పెట్టి అటువైపుకు దాటాను.

మడమకు బండ తగిలింది.

అంచు మీద అడుగు వేశానేమో అనుకున్నాను. మళ్ళీ నడిమధ్యన అడుగు వేశాను. దూది రెండు పక్కలకూ జారిపోయింది, మడమ కింద మళ్ళీ బండే. కింద నేల కూడా కాదు అది, వాలుగా ఉన్న రాయి, దాని అంచు చాకులా ఉంటుంది. నేను పరుపులన్న వైపు చూశాను. ఆయన నా కాలి వైపు చూస్తున్నాడు. వంగి పిడికిలితో పరుపు మీద గుద్దాడు. పిడికిలి టక్కుమని రాయికి తగిలిన చప్పుడు నాకు వినిపించింది. ఆయన మొహంలో నెత్తురు లేదు.

పైన మా చెల్లెలు బొజ్జ మీదికి చేరింది. కుడిచెయ్యి ఆ గోరంత అంచు మీద ఉంది. అక్కడి నుంచి పడితే పెచ్చుకు కూడా తగలకుండా నేరుగా వచ్చి పడుతుంది.

"చెప్తే భయపడి జారుతాది," అన్నాను గొంతు తగ్గించి.

"చెప్పకుంటే దుంకుతాది పాపా," అన్నాడు. "అలిసిపోతే వదిలేస్తాది. మనమీద నమ్మకంతో వదిలేస్తాది."

నిజమే. బస్సు దిగినట్టు వదిలేస్తుంది. ఆమె రెండు మడమలూ ఆ రాతి అంచు మీద పడటం నా కళ్ళ ముందు కనిపించింది. పరుగు లేదు, ఉద్యోగం లేదు, ఆమె కుంటుకుంటూ మోపెడ్‌ వెనక కూర్చోవడం, నాయన ఎవరితోనూ ఏమీ అనకపోవడం, అన్నీ ఒక్కసారిగా కనిపించాయి. పరుపులన్న మోపెడ్‌కు కట్టే తాడు తీసుకొని ఒక పరుపును ఈ కొస నుంచి చాపలా చుట్టడం మొదలుపెట్టాడు, మోకాలితో అదిమి అదిమి. చుడితే గట్టిపడుతుంది. కానీ చుట్టిన పరుపు ఒక మనిషి వెడల్పు కూడా ఉండదు. అదీ ఇంకా సగం కూడా కాలేదు.

"కిందా?"

పైనుంచి ఆమె గొంతు. నిబ్బరంగా ఉంది. ఆ గొంతులో సంతోషం కూడా ఉందని ఇప్పుడనిపిస్తుంది.

పరుపులన్న తాడు పట్టుకొని నా వైపు చూశాడు. అబద్ధం చెప్పమని ఆయన కళ్ళు అడగలేదు. చెప్పొద్దనీ అడగలేదు.

"లేం!" అని అరిచాను. "పరుపు పనికిరాదు! దిగు!"

మండపంలో ఎవరిదో ఎంగేజిమెంటు, మైకు పరీక్షిస్తున్నారు. హలో హలో అంటున్నారు.

"ఏమైంది?" అంది ఆమె. ఈసారి గొంతు సన్నగా ఉంది.

"దూది జరిగిపోతాంది. అడుగున రాయి తగల్తాంది. దుంకొద్దు. ఎట్ల పోయినావో అట్లనే దిగు!"

ఆమె నుదురు బండకు ఆనించింది. ఎడమ పిక్క వణకడం కింద నుంచి నాకు కనిపిస్తోంది. కుట్టుమిషను సూదిలా ఆగకుండా వణుకుతోంది. కొంతసేపు అలాగే ఉంది. తర్వాత ఆమె ఎడమచెయ్యి బండను వదిలి పైకి పోయింది. పైన గుండు తల అంచు వైపు, మెల్లగా, వేళ్ళు చాపి.

"దిగమంటాంటే వినపళ్ళా? దిగు!" అని నేను గొంతు చించుకొని అరిచాను. మండపం గోడ మీది పావురాలు లేచిపోయాయి.

చెయ్యి అక్కడే ఆగింది. తర్వాత వెనక్కి వచ్చింది.

బొజ్జ మీద నుంచి దిగడం, ఎక్కిన దోవలోనే నేల దాకా దిగడం మాకెవరికీ అలవాటు లేదు. మిగతా గుండ్లు ఎక్కితే తల దాకా పోయి వెనకవైపు మెట్లలాంటి రాళ్ళ మీదుగా దిగేవాళ్ళం, లేదా దూకేవాళ్ళం. దిగేటప్పుడు కాలు ఎక్కడ పెట్టాలో కనపడదు. నేను కింద నుంచి చెప్పాను. కుడికాలు కిందికి. ఇంకా. ఇంకా. ఎడమకు. అది కాదు, దాని కింద బుడిపె. ఆ, అదే. ఆనించు. ఆమె బొటనవేలు బండను తడుముతూ ఆ బుడిపెను వెతుక్కుంటుంటే నా వేళ్ళు నా చీర కొంగును మెలి పెడుతున్నాయి. బొజ్జ మీద నుంచి పెచ్చు దాకా బారెడు కూడా ఉండదు. ఆ బారెడు దిగడానికి ఆమె పట్టిన ఊపిరి, నేను పట్టిన ఊపిరి నాకు తెలుసు. ఒకచోట రెండు కాళ్ళూ జారాయి. వేళ్ళ మీద వేలాడింది. పరుపులన్న "అల్లా" అని చుట్టిన పరుపుతో సహా ఆమె కిందికి వచ్చి నిలబడ్డాడు, రెండు చేతులూ పైకి చాపి. కాలికి మళ్ళీ పట్టు దొరికింది. పెచ్చు దొరికింది. నెర్రె దొరికింది.

నెర్రె మొదట్లో ఆమె వేళ్ళు ఇక వినలేదు. నా ఎత్తు నుంచి జారింది. చుట్టిన పరుపు మీద పడి, పరుపులన్న మీదికి ఒరిగింది. ఇద్దరూ కింద కూలబడ్డారు.

ఆమె ముందు మడమలు పట్టుకొని చూసుకుంది. ఒకటి తిప్పింది, రెండోది తిప్పింది. బాగున్నాయి. వేళ్ళ కొసలు చిట్లి నెత్తురు వస్తోంది, అంతే. పరుపులన్న రెండు చేతులూ జోడించాడు. "తప్పైపోయింది తల్లీ. మెత్తగుంటే మంచిదే అనుకున్నా," అని ఏడ్చాడు. అంత మనిషి ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది. కాళ్ళున్నాయి, నాయనకు చెప్పుకొనే మొహం మాకుంది. నేను ఆమెను పట్టుకోబోయాను. ఆమె నా చెయ్యి విడిపించుకొని లేచి, పెద్దగుండు వైపు ఒక్కసారి కూడా చూడకుండా ఇంటికి నడిచింది.

ఆదివారం బెంగళూరువాళ్ళు వచ్చారు. ఫోము పరుపులు పెద్దవి, కారు పైన కట్టుకొని తెచ్చారు. వాళ్ళలో మా చెల్లెలి ఈడుదే ఒక అమ్మాయి రెండోసారికే బొజ్జ దాటి తల మీద నిలబడింది. కింద అందరూ కేకలు. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ అమ్మాయి ఎక్కిన తీరు చూస్తే కొట్టకుండా ఉండలేం. మండపం ప్రహరీ మీద మా చెల్లెలు కూర్చొని ఉంది, వేళ్ళకు పసుపు గుడ్డలు కట్టుకొని. ఆమె కూడా చప్పట్లు కొట్టింది, ఆ వేళ్ళతోనే. దిగొచ్చిన అమ్మాయి, నువ్వూ ఎక్కు, మా పరుపులున్నాయి అని కన్నడం కలిసిన తెలుగులో ఎంతో ప్రేమగా పిలిచింది. "నాకు పరుగుండాది," అని మా చెల్లెలు గోడ దిగి వెళ్ళిపోయింది. ఆ దోవకు ఆ అమ్మాయి పెట్టిన పేరే ఇప్పుడు పేజీలో ఉంది. పెట్టాల్సింది ఆమే, తప్పేం లేదు.

పరుగులో మా చెల్లెలు నెగ్గింది. లాంగ్‌జంపులో నెగ్గింది. చివరి రాతపరీక్ష కూడా దాటి, ట్రైనింగు అయి ఇప్పుడు గుమ్మఘట్ట వైపు డ్యూటీ చేస్తోంది. అక్కడ సగంమంది కన్నడం మాట్లాడతారట, ఆమెకు కూడా వచ్చేసింది. నాయన ఆమె యూనిఫాం ఫోటో మోపెడ్‌ డిక్కీ లోపల అతికించుకున్నాడు. పరుపులన్న గుండ్ల కింద దూది పరుపు పరచడం మానేశాడు, బెంగళూరువాళ్ళు వదిలిపోయిన ఫోముకు తనే కవరు కుట్టాడు. ఆదివారాలు కుర్రాళ్ళు, ఒకరిద్దరు ఆడపిల్లలు వస్తారు. నేనూ పోతాను. మా చెల్లెలు సెలవుకు వచ్చినా ఆ రోడ్డులోకి రాదు. నేను పిలవను.

మొన్న ఒక్కరోజు సెలవు మీద వచ్చింది. సాయంత్రం తిరుగు బస్సు. నాయన చేనికి పోయాడు. నేను బస్టాండుకు దింపడానికి వచ్చాను. బస్సు ఆలస్యం. బెంచీ మీద ఇద్దరం కూర్చొని శనక్కాయలు తింటున్నాం. నేను ఏదో అనాలని, కొత్తగా వచ్చే పిల్లలు పెద్దగుండు పెచ్చు దాకా పోతున్నారని చెప్పాను. అనకుండా ఉండాల్సింది.

"అక్కా, ఒకటి అడుగుతా," అంది. తొక్కలు ఒడిలో పోగుచేస్తూ నా వైపు చూడకుండా అంది. "ఆ పొద్దు లేం అన్యావు. సరే. అది మన కట్టుబాటు, అట్లనే చెప్పాల. దిగు అని ఎందుకన్యావు?"

నాకు వెంటనే కోపం వచ్చింది. "అనక? పడింటే ఏమయ్యేది? ఈ పొద్దు ఆ ఖాకీ బట్టలు నీ మీద ఉండేవా? ఆ కాళ్ళతోనే గదా పరిగెత్తినావు?"

"పరిగెత్తినా. కాదన్లా." ఒక శనక్కాయ ఒలిచింది. "పరుపు లేదని నాకు తెలిసిపోయినంక, ఎక్కేదా దిగేదా అనేది నాది. నా చెయ్యి పైకి పోయింది. నువ్వు చూసినావు."

"చూసినా."

"పై అంచు నాకు తగిలిందక్కా. ఈ రెండు వేళ్ళు తగిలినాయి." కుడిచేత్తో ఎడమచేతి వేళ్ళు రెండు పట్టుకొని చూపించింది. "ఒక్క ఊపు. అంతే. నువ్వు మళ్ళా అరిచినావు."

ఆ సంగతి నాకు కింద నుంచి కనపడలేదు. ఆమె వేళ్ళు గాలిలో ఉన్నాయనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"పడతానని నువ్వూ పరుపులన్నా ఎన్ని అనుకున్యారో నాకు తెలుసు. కాళ్ళు విరిగేది, నాయన బాధపడేది, అన్నీ అనుకునింటారు. నేను ఎక్కేస్తానేమో అని ఒక్కసారన్నా అనిపించిందా నీకు?"

ఆ సాయంత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా వెతికాను. మడమకు తగిలిన బండ, పిడికిలి చప్పుడు, తాడు, మైకులో హలో హలో, అన్నీ ఉన్నాయి. ఆమె అడిగింది మాత్రం అందులో ఎక్కడా లేదు. ఇంకొకరైతే ఏదో ఒకటి చెప్పి ఓదార్చేవాళ్ళు. కానీ ఆమె ఎదురుగా కూర్చొని అడిగింది, ఆ పొద్దు పైనుంచి "కిందా?" అని అడిగినట్టే అడిగింది.

"అనిపించలా," అన్నాను.

ఆమె తల ఊపింది. బస్సు వచ్చింది. ఒడిలోని తొక్కలు కింద దులుపుకొని, బ్యాగు తనే తీసుకొని ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఆమె ఫోనులో ఎవరితోనో కన్నడంలో మాట్లాడుతోంది.